జర్మనీలో మొదటి ఏడాది: ఏది ముందు, ఏది తర్వాత?

నెకార్‌తీరం

సభ్యులందరికీ నమస్కారం. బ్లూ కార్డ్ (ఉన్నత అర్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉద్యోగానికి జర్మనీ వచ్చి కొద్ది వారాలైంది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో, నెకార్ నది పక్కన ఒక మధ్యతరహా పట్టణంలో ఉంటున్నాను. నా భార్య, నాలుగేళ్ల మా పాప మరికొన్ని నెలల్లో వస్తారు. ఆఫీసులో పని అంతా ఇంగ్లీషులోనే సాగుతుంది కనుక అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా ఆఫీసు గేటు దాటిన తర్వాతే మొదలవుతోంది.

ప్రస్తుతం సామానుతో సహా అద్దెకిచ్చే ఒక తాత్కాలిక ఫ్లాట్‌లో ఉన్నాను. యజమాని అద్దె తీసుకుంటున్నాడు గానీ, చిరునామా నమోదుకు కావలసిన కాగితం మీద సంతకం చేయనంటున్నాడు. నమోదు కానందువల్ల పన్ను సంఖ్య రాలేదు, పన్ను సంఖ్య రానందువల్ల మొదటి జీతంలో కోత విపరీతంగా పడింది. ఇంతలో ఒక బీమా ఏజెంటు ఫోన్ చేసి, ప్రైవేటు ఆరోగ్య బీమాకు మారితే నెలకు చాలా మిగులుతుందని రోజూ చెబుతున్నాడు. తెలిసినవారిని అడిగితే ఒకరు ముందు ఇల్లు చూసుకోమంటారు, ఒకరు ముందు భాష నేర్చుకోమంటారు, మరొకరు అన్నీ వాటంతట అవే కుదురుతాయంటారు. అనుభవమున్నవారు ఏది ముందు పట్టించుకోవాలో, ఏది ఆగవచ్చో చెబితే మేలు చేసినవారవుతారు.

పాత_బాటసారి

నెకార్‌తీరం గారూ, స్వాగతం. ముందు చిరునామా సంగతి తేల్చుకోండి. ఈ దేశంలో మిగిలినవన్నీ దాని వెనకాలే నడుస్తాయి.

ఇంట్లో చేరిన రెండు వారాల లోపు బ్యుర్గరామ్ట్‌కు, అంటే పౌరసేవా కార్యాలయానికి, వెళ్లి ఆన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) చేయించుకోవాలని 2015 నవంబరు నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నమోదు చట్టం చెబుతోంది. అందుకు కావలసిన యజమాని ధ్రువపత్రం గురించి ఆ చట్టంలోని 19వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అది ఇవ్వడం ఆయన దయ కాదు, బాధ్యత. ఇవ్వకపోతే వెయ్యి యూరోల వరకు జరిమానా పడవచ్చు. ఈ విషయాన్ని సెక్షన్ సంఖ్యతో సహా మర్యాదగా, లిఖితపూర్వకంగా ఆయనకు పంపి ఒక తేదీ పెట్టండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ సంగతి నమోదు కార్యాలయానికి వెంటనే తెలియజేయవలసినది మీరే. ఆ పని చట్టం అద్దెదారు మీద పెట్టింది. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఆలస్యంగా దొరికినా కంగారు పడవద్దు. దాన్ని గడువు లోపలే బుక్ చేసుకున్నట్టు చూపే కాగితాన్ని మాత్రం దాచి ఉంచండి.

నమోదు పూర్తయ్యాక మీరు ఎవరినీ అడగకుండానే ఉత్తరాలు రావడం మొదలవుతుంది. 11 అంకెల పన్ను సంఖ్య పోస్టులోనే వస్తుంది. ఆ వెనకే రేడియో, టీవీ ప్రసార రుసుము గురించిన ఉత్తరం వస్తుంది. అది నెలకు 18.36 యూరోలు, ఇంట్లో టీవీ లేదని చెప్పినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ రుసుము టీవీ మీద కాదు, ఇంటి మీద వేసేది. అదే కారణం చేత ఒక ఇంట్లో నలుగురు స్నేహితులు కలిసి ఉన్నా ఒక్కరు కడితే సరిపోతుంది. మీకంటే ముందు నుంచి ఆ ఇంటికి ఎవరైనా కడుతూ ఉంటే వారి సంఖ్య రాసి జవాబు పంపండి, ఊరుకోవద్దు.

ఇంకొక చిన్న విషయం. కింద తపాలా పెట్టె మీద, గంట మీటల పక్కన మీ ఇంటిపేరు ఉండేలా చూసుకోండి. ఇక్కడ చాలా భవనాల్లో ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ పేరు చూసే వేస్తాడు, పేరు కనిపించకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా ఉన్నవారు రెండూ రాసి అంటించండి.

లెక్కలమాస్టారు

జీతం, బీమా సంగతి నేను చెబుతాను.

పన్ను సంఖ్య లేనప్పుడు కంపెనీ మిమ్మల్ని ఆరవ పన్ను తరగతిలో పెట్టి ఉంటుంది. అన్నిటిలోకీ ఎక్కువ కోత పడేది అదే. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. సంఖ్య ఇచ్చిన తర్వాత వచ్చే జీతాల్లో కంపెనీయే సర్దుతుంది, అలా కాకపోతే ఏడాది చివర పన్ను రిటర్న్‌లో తిరిగి వస్తుంది. మీ తప్పు లేకుండా సంఖ్య ఆలస్యమైతే, మూడు నెలల వరకు మీకు వర్తించవలసిన తరగతి ప్రకారమే లెక్క కట్టే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. కాబట్టి జీతాల విభాగానికి ఒక లేఖ రాసి, యజమాని వల్ల జరిగిన ఆలస్యాన్ని వివరించండి. మీ భార్య వచ్చి అదే ఇంట్లో నమోదయ్యాక మీ ఇద్దరికీ నాలుగవ తరగతి వస్తుంది. ఆమె సంపాదన లేనంత కాలం మీకు మూడు, ఆమెకు ఐదు కావాలని ఫినాంజ్‌ఆమ్ట్‌కు (పన్ను కార్యాలయానికి) దరఖాస్తు చేసుకుంటే నెలనెలా చేతికి వచ్చే మొత్తం పెరుగుతుంది. ఏడాది మొత్తానికి కట్టే పన్ను రెండు పద్ధతుల్లోనూ ఒకటేనని, తేడా అంతా ఎప్పుడు చేతికొస్తుందన్న దానిలోనేనని గుర్తుంచుకోండి.

ఇక ఏజెంటు. 2025లో ఏడాదికి 73,800 యూరోల కంటే ఎక్కువ జీతం ఉన్నవారికి మాత్రమే ప్రైవేటు బీమాకు వెళ్లే అవకాశం ఉండేది, ఆ పరిమితి ఏటా మారుతుంది. ఒంటరిగా ఉన్న ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికి అది చవకగా కనిపించే మాట నిజమే. కానీ మీరు ఒంటరి కాదు. ప్రభుత్వ పద్ధతిలోని క్రాంకెన్‌కాసెలో (ఆరోగ్య బీమా సంస్థలో) మూల చందా జీతంలో 14.6 శాతం, దానిపై ఒక్కొక్క కాసె వేసే అదనపు శాతం ఉంటుంది. రెండింటిలోనూ సగం కంపెనీ భరిస్తుంది. సంపాదన లేని భార్యకు, పిల్లలకు ఆ చందాలోనే రక్షణ ఉంటుంది, వారికి వేరే కట్టనక్కరలేదు. ప్రైవేటులో మనిషికొక ప్రీమియం, దాన్ని వయసును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. పైగా ఒకసారి వెళ్లినవారు జీతం ఆ పరిమితి కిందకు రానిదే వెనక్కి రావడం కష్టం, 55 ఏళ్లు దాటాక దాదాపు అసాధ్యం. ముప్పై ఏళ్ల తర్వాతి పరిస్థితిని ఆలోచించకుండా ఈ నెల మిగులు చూపించి మాట్లాడేవాడు మీ కోసం కాక తన కమీషన్ కోసం మాట్లాడుతున్నాడని నా అభిప్రాయం.

నేను ముందు తీసుకోమని చెప్పే బీమా వేరే ఉంది. దాన్ని హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అంటారు. మన వల్ల ఇతరులకు నష్టం జరిగితే అది చెల్లిస్తుంది. చట్టరీత్యా తప్పనిసరి కాదు, కానీ ఇక్కడివారిలో చాలామందికి ఉంటుంది. మొత్తం భవనానికి ఒకే తాళం వ్యవస్థ ఉన్నచోట తాళంచెవి పోతే అన్ని తాళాలూ మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చు తలచుకుంటే ఏడాదికి కట్టే చిన్న మొత్తం ఒక లెక్కే కాదు. పాలసీలో తాళంచెవుల అంశం ఉందో లేదో చదివి తీసుకోండి.

హాంబుర్గ్_వాన

పెద్దలిద్దరూ చెప్పినదంతా సరైనదే, కానీ నేను ఒక విషయంలో విభేదిస్తాను. ఈ కాగితాలన్నీ ఏజెన్సీకి డబ్బిచ్చి చేయించుకున్నవారు, పదేళ్ల తర్వాత కూడా తమ ఇంటికొచ్చిన ఉత్తరాన్ని ఫోటో తీసి ఎవరికో పంపి అర్థం అడుగుతూనే ఉన్నారు. నా ఉద్దేశంలో ముందు చేయవలసినది భాష. ఆన్‌మెల్డుంగ్ ఒక ఉదయం పని, భాష మూడేళ్ల పని. మూడేళ్ల పనిని ముందు మొదలుపెట్టాలి.

పాత_బాటసారి

వాన గారూ, మీ మాట కాదనను. అయితే భాష వచ్చేదాకా ఉత్తరాలు ఆగవు. అందుకే ఉత్తరాల గడువుల గురించి కొంచెం వివరంగా చెప్పాలనుకుంటున్నాను, కొత్తవారికి నిజంగా డబ్బు పోయేది ఇక్కడే.

ప్రభుత్వ కార్యాలయం పంపిన నిర్ణయం మీకు అన్యాయంగా అనిపిస్తే సాధారణంగా ఒక నెలలో అభ్యంతరం రాయవచ్చు, పన్ను లెక్క విషయంలోనూ అంతే. ఆ నెల మీరు కవరు చించిన రోజు నుంచి మొదలు కాదు. మామూలు ఉత్తరం పోస్టు చేసిన నాలుగవ రోజున మీకు అందినట్టు చట్టం భావిస్తుంది. ఇది 2025 జనవరి 1 వరకు మూడు రోజులుగా ఉండేది, పోస్టు నెమ్మదించడంతో నాలుగు చేశారు. పసుపుపచ్చ కవరులో వచ్చేవి ఇంకా గట్టివి. వాటి మీద పోస్ట్‌మ్యాన్ పెట్టెలో వేసిన తేదీని చేత్తో రాస్తాడు, లెక్క ఆ తేదీ నుంచే. కాబట్టి ఉత్తరం చదివి కవరు పారేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎవరైనా మీరు బాకీ ఉన్నారని కోర్టు ద్వారా మాన్‌బెషైడ్ (బాకీ కట్టమనే నోటీసు) పంపితే అభ్యంతరానికి రెండు వారాలే గడువు. ఆ బాకీ నిజమా కాదా అన్నది కోర్టు ఆ దశలో పరిశీలించదు. మీరు మౌనంగా ఉంటే అప్పు ఒప్పుకున్నట్టే వ్యవహారం ముందుకు పోతుంది.

సెలవులకు కొన్ని వారాలు వెళ్లేటప్పుడు డాయిచ్ పోస్ట్ వారి దగ్గర ఉత్తరాలను నిలిపి ఉంచే సేవ, ఇల్లు మారేటప్పుడు కొత్త చిరునామాకు మళ్లించే సేవ రెండూ ఉన్నాయి. రెండింటికీ రుసుము ఉంది, రెండూ విలువైనవే. అయితే నిలిపి ఉంచినంత మాత్రాన గడువు ఆగదు కనుక, పెద్ద వ్యవహారమేదైనా నడుస్తున్నప్పుడు నమ్మకమైన పొరుగువారికి పెట్టె తాళంచెవి ఇచ్చి వెళ్లడం మేలు.

హాంబుర్గ్_వాన

పొరుగువారికి తాళంచెవి ఇచ్చేంత చనువు రావాలన్నా భాషే కావాలి. నా మాట మళ్లీ అక్కడికే వచ్చింది.

నెకార్‌తీరం

అందరికీ ధన్యవాదాలు. యజమానికి సెక్షన్ సంఖ్యతో ఉత్తరం రాశాను, ఏజెంటు నంబరు బ్లాక్ చేశాను. ఇప్పుడు అసలైన ఇల్లు వెతుకుతున్నాను. ప్రకటనల్లో రెండు రకాల అద్దెలు ఉంటున్నాయి, కొన్నిటిలో వంటగది లేదని రాస్తున్నారు. ఇల్లు అంటూ ఉన్నాక వంటగది లేకపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు.

తొలిపొద్దు

నేను మ్యూనిక్‌లో చదువుకుని ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఇళ్ల వేటలో నాకు మంచి సాధన ఉంది, ఆ సాధన ఎవరికీ రాకూడదని కోరుకుంటాను.

కాల్ట్‌మీటే అంటే గోడలకు కట్టే అద్దె. దానికి నీరు, చెత్త, భవనం నిర్వహణ, చాలాచోట్ల వేడి ఖర్చు కలిపితే వార్మ్‌మీటే అవుతుంది. కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా రెండింటిలోనూ ఉండవు. నెలనెలా కట్టే ఆ ఖర్చులు కేవలం అంచనా మాత్రమే. లెక్కల సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు యజమాని అసలు లెక్క పంపాలి. ఆ గడువు దాటాక పంపితే తన ఆలస్యానికి తానే బాధ్యుడైనప్పుడు అదనపు సొమ్ము అడగలేడు. మీకు ఆ లెక్క మీద అనుమానం ఉంటే మీకూ 12 నెలల సమయం ఉంటుంది. మొదటి చలికాలం తర్వాత వచ్చే ఆ కాగితాన్ని చూసి చాలామంది ఉలిక్కిపడతారు, కాబట్టి ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోండి.

వంటగది లేదంటే గది ఉంటుంది, నల్లా గొట్టాలు ఉంటాయి. పొయ్యి, సింకు, అల్మారాలు ఉండవు. పాత అద్దెదారు తనవి ఊడదీసుకుని వెళ్తాడు, లేదా మీకు ఒక ధరకు అమ్మజూపుతాడు. చాలా ఇళ్లలో లైట్ల చోట వైర్లు మాత్రమే వేలాడుతూ కనిపిస్తాయి. ఆ కొనుగోలు బేరం ఎప్పుడైనా లిఖితపూర్వకంగా, వస్తువుల జాబితాతో చేసుకోండి.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటేకు మించకూడదు. దాన్ని కూడా మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు పౌర స్మృతిలోని 551వ సెక్షన్ ఇస్తోంది. ఇల్లు చూడకముందే డిపాజిట్ పంపమని, తాళంచెవి పోస్టులో వస్తుందని చెప్పే ప్రకటనలన్నీ మోసాలే. ఇంట్లో చేరే రోజున ప్రతి గీతనూ ఫోటో తీసి, అప్పగింత పత్రంలో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు మూడు నెలల ముందు, అదీ చేతి సంతకంతో ఉన్న కాగితం మీద తెలియజేయాలి, ఈమెయిలు చెల్లదు. ఆ కాగితం నెలలోని మూడవ పనిదినం లోపు చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది.

మీ పట్టణంలోని మీటర్‌ఫెరైన్‌లో, అంటే అద్దెదారుల సంఘంలో, సభ్యత్వం తీసుకోమని సలహా ఇస్తాను. ఏడాది చందాకు న్యాయ సలహా దొరుకుతుంది. సంఘం నుంచి ఒక ఉత్తరం వెళ్లిందంటే చాలామంది యజమానుల స్వరం మారుతుంది.

సరళరేఖ

ఇంతవరకు జరిగిన చర్చ అంతా ఉద్యోగం ఉన్న మనిషి గురించే సాగింది. ఉద్యోగం ఉన్న మనిషి వెనక వచ్చేవారి గురించి కొంచెం చెప్పనివ్వండి. నేను లైప్‌జిగ్‌లో ఉంటాను, దంతవైద్యురాలిని, భర్త ఉద్యోగం వల్ల వచ్చాను.

నెకార్‌తీరం గారికి ఆఫీసు ఉంది, సహోద్యోగులు ఉన్నారు, పగటి వెలుగు ఉండగానే బయటికి వెళ్లవలసిన కారణం ఉంది. ఆయన భార్యకు మొదటి రోజున ఇవేవీ ఉండవు. బ్లూ కార్డ్ ఉన్నవారి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కరలేదు, వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. చట్టం ఇంత ఉదారంగా ఉండటం వల్లనే చాలా కుటుంబాలు భాషను వాయిదా వేస్తాయి. పరీక్ష లేదన్న సౌలభ్యం చివరికి ఇంట్లో కూర్చోవడానికి కారణమవుతుంది. కాబట్టి ఆమె ఇక్కడికి వచ్చే ముందే ఏ1 స్థాయి (భాషలో మొదటి మెట్టు, ఆపైన ఏ2, బీ1, బీ2, సీ1 వస్తాయి) పూర్తి చేయడం మంచిది. వచ్చాక ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాలయాల తరగతులు దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. వలస వ్యవహారాల కార్యాలయం నడిపించే ఇంటిగ్రేషన్ కోర్సులో సాధారణంగా 600 గంటల భాష, 100 గంటల సమాజ పరిచయం ఉంటాయి, గమ్యం బీ1 స్థాయి. ఆ తరగతిలో సిరియా, ఉక్రెయిన్, బ్రెజిల్ నుంచి వచ్చినవారి పక్కన కూర్చుని, అందరూ సమానంగా తడబడుతూ మాట్లాడతారు. నాకు ఈ దేశంలో మొదటి స్నేహాలు ఆ బల్లల దగ్గరే కుదిరాయి. ఒకే భాషవాళ్ల వాట్సాప్ గుంపులో అవి కుదిరేవి కావు.

ఆమె ఏ వృత్తిలో ఉన్నారో మీరు చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ వంటి వృత్తులకు ప్రభుత్వ గుర్తింపు తప్పనిసరి కాదు. విదేశీ విశ్వవిద్యాలయాల, డిగ్రీల వివరాలుండే అనాబిన్ అనే జాలగూటిలో ఆమె విశ్వవిద్యాలయం పేరు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. వైద్యులు, దంతవైద్యులు, నర్సులు, పాఠశాల ఉపాధ్యాయుల వంటివారికి లైసెన్సు లేనిదే పని లేదు. మా వృత్తిలో సాధారణ జర్మన్ బీ2 స్థాయిలో రావాలి, దాని పైన వైద్య పరిభాషలో సీ1 స్థాయి పరీక్ష ఉంటుంది, చదువు సమానం కాదంటే విడిగా జ్ఞాన పరీక్ష ఉంటుంది. ఇది ఏళ్ల తరబడి సాగే పని. ఈ కాలాన్ని ఇంట్లో అందరూ కలిసి ప్రణాళిక వేసుకోకపోతే, భార్య వృత్తి ఆగిపోయిందని ఎవరూ నిర్ణయించకుండానే అది ఆగిపోతుంది.

నెకార్‌తీరం

సరళరేఖ గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. మా ఆవిడ పాఠశాలలో గణితం బోధిస్తారు. మీ సమాధానం ఆమెకు చదివి వినిపించాను, ఏ1 తరగతిలో చేరతానన్నారు. పాప విషయంలో కూడా చెప్పండి.

సరళరేఖ

కీటాకు (బడి వయసుకు ముందు పిల్లలను చూసుకునే శిశు కేంద్రానికి) ఈ రోజే దరఖాస్తు పెట్టండి, పాప రాకముందే. ఏడాది నిండిన ప్రతి బిడ్డకు స్థలం పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉన్నంత మాత్రాన ఖాళీ ఉంటుందని కాదు, వేచి ఉండేవారి పట్టికలు పొడవుగా ఉంటాయి. పట్టణం వారి ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసి ఊరుకోకుండా, రెండు మూడు కీటాలకు స్వయంగా వెళ్లి పరిచయం చేసుకోండి.

నాలుగేళ్ల పాప కాబట్టి ఆమెకు జర్మన్ తొందరగా వస్తుంది, కానీ తొందరగా రావలసిన అవసరం కూడా ఉంది. చాలా రాష్ట్రాల్లో నాలుగవ తరగతి తర్వాత పిల్లలు వేర్వేరు రకాల బడులకు వెళ్తారు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో మాత్రం ఆరవ తరగతి తర్వాత. పదేళ్ల వయసులో ఎంత చదవగలదు, ఎంత రాయగలదు అన్నదాన్ని బట్టి దారి ఏర్పడుతుంది. ఇంట్లో తెలుగు మానేయమని దీని అర్థం కాదు. ఇంట్లో తెలుగు గట్టిగా ఉన్న పిల్లలకు రెండవ భాష నిలదొక్కుకుంటుందని నేను నా చుట్టూ చూస్తున్నాను. తల్లిదండ్రులు తమకే సరిగా రాని జర్మన్‌లో పిల్లలతో మాట్లాడటం వల్ల రెండు భాషలకూ మేలు జరగదు.

బడి వయసు వచ్చాక హాజరు విషయంలో ఇక్కడ చాలా కఠినంగా ఉంటారు. ఇంటి దగ్గర చదివించడానికి అనుమతి లేదు. విమాన టికెట్ చవకగా ఉందని సెలవులకు రెండు రోజుల ముందే బడి మాన్పిస్తే జరిమానా వేయవచ్చు.

పిల్లల వైద్యుణ్ణి కూడా వచ్చిన వెంటనే చూసుకోండి, కొత్తవారిని చేర్చుకోని క్లినిక్‌లు చాలా ఉంటాయి. రాత్రి జ్వరం వచ్చి, ప్రాణాపాయం లేకపోతే 116117కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయం ఉంటే 112. ఈ రెండు నంబర్ల తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పెద్దలకు ప్రత్యేక నిపుణుడు కావలసి వచ్చినప్పుడు, మీ హౌస్‌ఆర్ట్స్ట్ (కుటుంబ వైద్యుడు) రాసే సిఫారసు కాగితం మీద కోడ్ ఉంటే అదే 116117 ద్వారా నాలుగు వారాల్లో టెర్మిన్ ఇప్పిస్తారు. వైద్యుడు మీకు నచ్చినవాడు కాకపోవచ్చు, ఊరికి కొంత దూరం కావచ్చు, కానీ టెర్మిన్ దొరుకుతుంది.

లెక్కలమాస్టారు

దీనికి ఒక వాక్యం జోడిస్తాను. జబ్బు చేస్తే సెలవులు ఖర్చు చేసుకోవద్దు. ఉద్యోగంలో చేరిన నాలుగు వారాల తర్వాత నుంచి, ఒక జబ్బుకు ఆరు వారాల వరకు కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది. వైద్యుడి ధ్రువపత్రం ఇప్పుడు కాసె ద్వారా ఎలక్ట్రానిక్ పద్ధతిలో కంపెనీకి చేరుతుంది. మీరు చేయవలసిందల్లా మొదటి రోజు ఉదయమే కంపెనీకి తెలియజేయడం.

ష్వాబియన్_వాకిలి

నెకార్ నది పక్కన ఉన్నారు కనుక మా ప్రాంతపు సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇక్కడ కేర్‌వోఖె అనే పద్ధతి ఉంది. భవనంలోని ఇళ్లవారు వంతులవారీగా వారానికొకరు మెట్లు, వాకిలి ఊడ్చాలి. మీ వంతు వచ్చినప్పుడు తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. ఒప్పందంలో రాసి ఉంటే ఇది బాధ్యతే, కోరిక కాదు. మెట్లు శుభ్రంగానే ఉన్నాయని వదిలేయవద్దు. మీరు ఊడ్చారన్నది పొరుగువారికి కనిపించడం కూడా ఆ పనిలో భాగమే, ఎవరూ బయటికి చెప్పకపోయినా.

ఆదివారం గురించి కూడా వింటారు. ఆదివారపు విశ్రాంతికి ఇక్కడ రాజ్యాంగ రక్షణ ఉంది; 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణాన్ని ఇప్పటి రాజ్యాంగమైన మౌలిక చట్టం 140వ అధికరణం ద్వారా అలాగే ఉంచింది. దుకాణాలు మూసి ఉంటాయి, డ్రిల్లింగ్ మెషిన్ వాడకూడదు, గాజు సీసాలను వీధి డబ్బాలో వేయడం కూడా ఆ రోజు కూడదు. మొదట్లో విసుగు పుడుతుంది. కొన్నాళ్లకు శనివారం సాయంత్రంలోపు సరుకులు తెచ్చుకోవడం అలవాటైపోతుంది.

పాప ఇంట్లో పరుగెత్తితే కింది ఇంటివారు ఏమంటారోనని భయపడవద్దు. పిల్లల సందడిని కొంతమేరకు భరించాలన్నదే కోర్టుల ధోరణి. 2011లో వచ్చిన సవరణ ప్రకారం కీటాలు, ఆట మైదానాల నుంచి వచ్చే పిల్లల చప్పుడును సాధారణంగా కాలుష్యంగా లెక్కించకూడదు. అయినా ఇంట్లో చేరిన వారంలోనే పైవారి, కిందివారి తలుపు తట్టి, పేరు చెప్పి, పాప ఉందని పరిచయం చేసుకోండి. ముందే పరిచయమున్న మనిషి మీద ఫిర్యాదు రాయడానికి ఎవరికైనా చేయి కొంచెం వెనకాడుతుంది.

తొలిపొద్దు

చర్చ ఇంత దూరం వచ్చింది కనుక నా ప్రశ్న ఒకటి. శాశ్వత నివాసం, పౌరసత్వం గురించి మొదటి ఏడాదే ఆలోచించాలా?

పాత_బాటసారి

ఆలోచించాలి, ఎందుకంటే లెక్క ఇప్పటి నుంచే మొదలవుతుంది. బ్లూ కార్డ్ ఉన్నవారికి బీ1 జర్మన్ ఉంటే 21 నెలల పెన్షన్ చందాల తర్వాత, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలల తర్వాత శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. పౌరసత్వానికి 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన చట్టం ఎనిమిదేళ్లను ఐదేళ్లకు తగ్గించింది. మూడేళ్లలో ఇచ్చే ప్రత్యేక మార్గాన్ని 2025 అక్టోబరులో తీసివేశారు, కాబట్టి పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోవద్దు. బీ1 భాష కావాలి, 33 ప్రశ్నల పరీక్షలో కనీసం 17 సరిగా రాయాలి.

జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది గానీ భారతదేశం ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (విదేశీ భారత పౌరుల కార్డు) తీసుకోవలసి ఉంటుంది. ఇది లెక్కలతో తేలే ప్రశ్న కాదు, ఇంట్లో పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవలసినది. శాశ్వత నివాసం విషయంలో మాత్రం అలాంటి సంకోచం అక్కరలేదు, అర్హత వచ్చిన రోజునే దరఖాస్తు చేయవచ్చు. ఉద్యోగం పోయినా నివాస హక్కు నిలిచి ఉంటుందన్న ధీమా దానితోనే వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇప్పటి నివాస కార్డు గడువు ముగియకముందే పొడిగింపు దరఖాస్తు చేరి ఉండాలి. అలా చేరితే, కార్యాలయం నిర్ణయం ఆలస్యమైనా మీ పాత హక్కులు కొనసాగుతున్నట్టే లెక్క, దానికి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇస్తారు. గడువు దాటాక పెట్టే దరఖాస్తుకు ఆ రక్షణ దానంతట అది రాదు.

హాంబుర్గ్_వాన

చూశారా, 21 నెలలకీ 27 నెలలకీ మధ్య ఉన్నది భాషే. ఇక ఈ విషయంలో నేను మాట్లాడను.

నెకార్‌తీరం

యజమాని సంతకం చేశాడు. వచ్చే వారం బ్యుర్గరామ్ట్‌లో టెర్మిన్ ఉంది. పాప పేరు కీటా పట్టికలో పెట్టాను, హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ తీసుకున్నాను, సాయంత్రం జర్మన్ తరగతిలో చేరాను. చివరగా ఒక ప్రశ్న: నా భారతీయ డ్రైవింగ్ లైసెన్సుతో ఇక్కడ కారు నడపవచ్చా?

ష్వాబియన్_వాకిలి

ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి ఆరు నెలల వరకు, అధీకృత అనువాదం దగ్గర ఉంచుకుని నడపవచ్చు. ఆ తర్వాత జర్మన్ లైసెన్సు తప్పనిసరి. అందుకు రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ ఉత్తీర్ణులు కావాలి. ఇప్పటికే లైసెన్సు ఉంది కనుక నిర్ణీత గంటల శిక్షణ తప్పనిసరి కాదు, కానీ కుడివైపు ట్రాఫిక్ అలవాటు కావడానికి కొన్ని పాఠాలు తీసుకోకుండా పరీక్షకు వెళ్లవద్దు. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయవచ్చు. కంటి పరీక్ష, ప్రథమ చికిత్స కోర్సు ముందే పూర్తి చేసి ఉంచండి. లైసెన్సు కార్యాలయంలో ఫైలు కదలడానికి సమయం పడుతుంది కనుక ఆరవ నెల వరకు ఆగకుండా, ఆన్‌మెల్డుంగ్ అయిన వెంటనే దరఖాస్తు పెట్టండి.